పరిష్కృతగ్రంథములు – కంప్యూటరు లిపి : ఒక పరిశీలనము

తిరుమల శ్రీవారి యాలయమున సంకీర్తనభాండారమను నొక చిన్న యఱ కలదు. తాళ్లపాక కవుల సంకీర్తనములు చెక్కిన రాగిరేకులు శతాబ్దుల కాలము అందు భద్రముగా నుండినవి. 20వ శతాబ్దిలో అవి వెలుగు చూచినప్పుడు వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు వానిని పరిష్కరింపగా దేవస్థానము సంపుటములుగా ప్రకటించినది. ఆ రేకులను చదువుటకు వారికి యంత్రసాధన మేదియు నక్కఱ పడలేదు. నాటి లిపిస్వరూపము నెఱిగిన కన్నులు చాలినవి. రేకునకు సంఖ్య యుండుటచే నేటికిని పరిశోధకులు రేకుసంఖ్యతోనే సంకీర్తనమును నిర్దేశించుచున్నారు.

ఇందుకు పూర్తిగా భిన్నమైన స్థితి యొకటి ఇటీవల యేర్పడినది. 1990వ దశకమునను, తరువాతి దశకమునను తిరుపతి, చిత్తూరు పట్టణముల డి.టి.పి. కేంద్రములలో ఎన్నియో సిద్ధాంతవ్యాసములు, పరిష్కృతగ్రంథములు, పదసూచికలు కంప్యూటరు కెక్కినవి. వాని ఫ్లాపీలు, ఫైళ్లు కొందఱు అధ్యాపకుల బీరువాలలో నేటికిని ఉన్నవి. ఆ ఫైలును నేటి కంప్యూటరున తెఱచినచో తెలుగు కనబడదు. ఆంగ్లాక్షరములు, కుండలీకరణములు, డాలరు గుర్తులు, అర్థము లేని గీతలు పుటలకొలది కనబడును. ఐదువందల యేండ్ల నాటి రేకు చదువవచ్చుచున్నది; ముప్పదియేండ్ల నాటి ఫైలు చదువరాకున్నది. దీనికి కారణమేమి? గ్రంథపరిష్కరణము చేయువారు ఏ సాధనమును నమ్మదగును? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సీసపు అచ్చు నుండి డి.టి.పి. వఱకు

సీసపు అక్షరములతో గ్రంథము కూర్చు దినములలో పరిష్కర్తకును, అక్షరములు కూర్చువానికిని నడుమ ప్రూఫు ఒక్కటే వారధి. పని నెమ్మదిగా సాగెడిది. అక్షరముల కొఱత వచ్చినచో కొన్ని ఫారములు ముద్రించి, వాని యక్షరములను విడదీసిన తరువాతనే తక్కిన భాగమును కూర్చెడివారు. ఐనను ఒక మేలుండెడిది. ఒకమాఱు సరిదిద్దిన యక్షరము మరల తనంత తాను మారెడిది కాదు.

1985లో ఆల్డస్ సంస్థ వెలువరించిన పేజ్‌మేకర్ అను సాఫ్ట్‌వేరు ముద్రణరంగమును మార్చివేసినది. 1994లో అది అడోబీ సంస్థ చేతికి వచ్చినది. దానికి తెలుగు ఫాంట్లు తోడగుటతో 1990వ దశకమున ఆంధ్రదేశమందంతటను సీసపు అక్షరములు మూలబడినవి. డి.టి.పి. వలన కలిగిన ప్రయోజనమును కాదనుటకు వీలులేదు. వ్యయము తగ్గినది, వేగము హెచ్చినది, చిన్న సంస్థలు సైతము పుస్తకములు ప్రకటింపగలిగినవి. ఐతే ఆ వెసులుబాటు క్రింద దాగియున్న లోపమును నాడు గుర్తించినవారు కొలదిమంది.

అక్షరము – అక్షరపు బొమ్మ

ఆ లోపమును గ్రహించుటకు నాటి ఫాంటు పనిచేయు రీతిని కొంత తెలిసికొనవలెను. కంప్యూటరునకు అక్షరము తెలియదు. సంఖ్య మాత్రమే తెలియును. నాటి ఫాంటులో మొత్తము 256 స్థానములు. వానిలో మొదటి 128 స్థానముల అర్థము ఆంగ్లాక్షరములకు, అంకెలకు, విరామచిహ్నములకు ముందే నిర్ణయమై యున్నది. తెలుగు ఫాంటు చేసినవారు ఆ స్థానములలోని ఆంగ్లాక్షరముల బొమ్మలను తొలగించి తెలుగు బొమ్మలను పెట్టిరి. అనగా కంప్యూటరు దృష్టిలో ఆ పుట ఆంగ్లపుటయే. చూచువారి కంటికి మాత్రము తెలుగు.

తెలుగు లిపికి ఆ స్థానములు చాలవు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, వత్తులు అన్నియు అందు ఇముడవలెను. హల్లు ఆకారము ననుసరించి గుణింతపు గుర్తు రూపము మారుచుండును. కావున ఫాంటుకర్తలు అక్షరములను ముక్కలుగా విడదీసి, తలకట్టునకొకటి, ఏత్వమునకొకటి, కొమ్మునకొకటి, వత్తునకొకటిగా స్థానములు కేటాయించిరి. ఏ ముక్క ఏ స్థానమున నుండవలెనను విషయమున వారిలో ఏకాభిప్రాయము లేకపోయెను. ఒక సంస్థ ఫాంటులో వ్రాసినది మఱియొక సంస్థ ఫాంటులో చదువరాదు.

ఇందు భాషాశాస్త్రజ్ఞులు గమనింపదగిన అంశ మొకటి కలదు. 'క్షే' అను నక్షరమును ఉచ్చరించునపుడు ముందు కకారము, పిదప షకారము, ఆ పిదప ఏకారము వినబడును. వ్రాయునపుడు ఆ క్రమము మారును. ఏత్వము కకారముపై చేరును. షకారపు వత్తు తరువాత వచ్చును. పాతఫాంటు ఈ లేఖనక్రమమునే సంఖ్యలుగా దాచినది. ఉచ్చారణక్రమము అందు లేదు. వర్ణసమామ్నాయమును మొదటి మెట్టుగా చేసికొనిన వ్యాకరణసంప్రదాయమున పుట్టిన భాషకు వర్ణము లేని లిపి లభించినదన్నమాట. ఫైలులో నున్నది అక్షరము కాదు, అక్షరపు బొమ్మ. తక్కిన కష్టములన్నియు ఈ యొక్క లోపము నుండియే కలిగినవి.

పరిష్కర్తకు కలుగు కష్టములు

మొదటిది ఫాంటు లేకపోవుట. తిరుపతిలో వ్రాసిన ఫైలును చిత్తూరులోని ముద్రాపకుడు తెఱవవలెనన్నచో అదే ఫాంటు, తఱచుగా అదే ఫాంటు యొక్క అదే కూర్పు, అతని యంత్రముననుండవలెను. లేనిచో కంప్యూటరు మౌనముగా వేఱొక ఫాంటును ప్రతినిధిగా పెట్టును. అపుడు పుట మొత్తము చెడినచో మేలే, దోషము వెంటనే తెలియును. ఒకే సంస్థ ఫాంటు యొక్క రెండు కూర్పుల నడుమ భేదమైనచో రెండు మూడు గుర్తులు మాత్రమే మారును. ఆ మార్పు కంటబడుట కష్టము.

రెండవది వర్డ్ ప్రాసెసరు చేయు అయాచిత సహాయము. ఆంగ్లమునకై రచింపబడిన ఆ సాధనము వాక్యారంభమున చిన్నబడి అక్షరమును పెద్దబడిగా తనంత తానే మార్చును. నిలువు ఉద్ధరణచిహ్నమును వంపుచిహ్నముగా మార్చును. ఆంగ్లమున ఇది ఉపకారమే. తెలుగు ఫాంటులో చిన్నబడి స్థానమున నొక తెలుగు బొమ్మ, పెద్దబడి స్థానమున మఱియొక తెలుగు బొమ్మ యుండును. అందుచే పరిష్కర్త వ్రాసిన యక్షరము పోయి వేఱొక యక్షరము వచ్చి కూర్చుండును. లేఖకుడు తాటియాకుపై చేసిన పొరపాటునకు అక్షరసామ్యమో, శ్రుతిసామ్యమో, కన్ను ఒక పంక్తి దాటుటయో కారణమై యుండును. పరిష్కర్త దానిని ఊహించి సరిదిద్దగలడు. యంత్రము మార్చినచోట వచ్చిన యక్షరమునకు పోయిన యక్షరముతో రూపమునగాని, ధ్వనియందుగాని సంబంధముండదు. పద్యమైనచో గణములు, యతిప్రాసలు దోషమును పట్టియిచ్చును. వచనమునను, వ్యాఖ్యానమునను ఆ కాపలా లేదు.

ఈ బాధ తెలుగువారికే పరిమితము కాదు. అమెరికా నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ డాస్ యంత్రముపై వర్డ్‌స్టార్ 4.0 అను ప్రాచీన సాఫ్ట్‌వేరుతోనే తన నవలలు వ్రాయుదునని 2014లో ఒక టెలివిజను కార్యక్రమమున వెల్లడించెను. తాను చిన్నబడి అక్షరము వ్రాసినపుడు యంత్రము దానిని పెద్దబడిగా మార్చుట తనకు నచ్చదనుట ఆయన చెప్పిన కారణములలో నొకటి. స్వభాషలో వ్రాయువానికే ఇది విసుగైనపుడు, ఆంగ్లవేషము వేసికొనిన తెలుగును సరిదిద్దువాని స్థితి చెప్పనక్కఱలేదు.

మూడవది వెదకుటకు, అకారాదిక్రమమున అమర్చుటకు వీలు లేకపోవుట. కంప్యూటరు వలన పండితునకు కలుగవలసిన ప్రధానప్రయోజనము పదసూచిక. పద్యాల ప్రథమపాదసూచిక, ధాతుసూచిక, ప్రయోగసూచిక మున్నగునవి చేతితో చేయుటకు నెలలు పట్టును. ఫైలులో వర్ణక్రమమే లేనిచో యంత్రము దేనిననుసరించి అమర్చును? బొమ్మలకు కేటాయించిన సంఖ్యల ననుసరించి అమర్చును. ఆ క్రమము ఏ నిఘంటువునకును సరిపడదు. కంప్యూటరున గ్రంథమును పెట్టుకొనియు పండితులు చీటీలు వ్రాసికొని సూచికలు చేసినది ఇందువలననే.

నాల్గవది పాఠభేదముల అమరిక. పేజ్‌మేకరున అధోజ్ఞాపికలను తానై అమర్చు సౌకర్యము లేదు. ప్రతిపుటయందును పాఠభేదములను వేఱొక చట్రమున చేతితో పెట్టవలెను. మూడవ ప్రూఫులో పరిష్కర్త ఒక పాదమును చేర్చినచో పద్యము తరువాతి పుటకు జరుగును. దాని పాఠభేదము మాత్రము పాతపుటయందే యుండిపోవును. అచటి నుండి గ్రంథాంతము వఱకు ప్రతిపుటను మరల సరిచూడవలెను. వర్డ్ ప్రాసెసరున అధోజ్ఞాపికలు తామే జరుగును గాని, పుటక్రింద ఒక వరుసయే యుండును. మూలపాఠమునకు పాఠాంతరములు ఒక వరుస, ఆకరసూచనలు మఱియొక వరుస, వ్యాఖ్యానభేదములు ఇంకొక వరుసగా పంక్తిసంఖ్యలతో నిలుపవలసిన పరిష్కృతగ్రంథమునకు అది చాలదు.

ఐదవది సాఫ్ట్‌వేరుల అల్పాయుష్షు. పేజ్‌మేకర్ చివరి ప్రధానకూర్పు 7.0. అటుపిమ్మట అడోబీ సంస్థ ఇన్‌డిజైన్ అను వేఱొక సాధనమును ముందునకు తెచ్చినది. ఇన్‌డిజైన్ పూర్వపు కూర్పులు పేజ్‌మేకర్ ఫైళ్లను తెఱవగలిగెడివి. తరువాతివాని కాశక్తి లేదు. ఆ ఫైలు స్వరూపము ఆ సాధనమునకు మాత్రమే తెలిసినది గనుక సాధనము పోయినచో ఫైలును మూతపడినట్లే.

సంస్క్‌నెట్ చెప్పు పాఠము

1961లో తిరుపతిలో స్థాపింపబడి, 1987లో విశ్వవిద్యాలయస్థాయి నంది, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైన రాష్ట్రియ సంస్కృత విద్యాపీఠము పేరు సంస్కృతగ్రంథములను కంప్యూటరు కెక్కించిన సంస్క్‌నెట్ పథకముతో ముడివడియున్నది. వ్యాకరణ, న్యాయ, మీమాంసాది శాస్త్రగ్రంథములు అనేకము అందు చేరినవి. నాటి పద్ధతి ననుసరించి ఆ పాఠములు ప్రత్యేక దేవనాగరీ ఫాంటు సంకేతమున నుండెను. తరువాత వానిలో పెక్కింటిని జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన గ్రెటిల్ అను పాఠభాండారము గ్రహించి రోమను లిపిలోనికి మార్చినది. ప్రత్యేకసంకేతము నుండి మార్చినందువలన పెక్కుచోట్ల పదముల నడుమ ఎడము లేదని ఆ పాఠముల మొదట హెచ్చరిక కూడ చేర్చినది.

ఇందు రెండు విషయములు తేలుచున్నవి. శ్రమ వృథా కాలేదు. ఆ పాఠములు నేడు ప్రపంచమంతటను పరిశోధకులకు ఉపకరించుచున్నవి. ఐనను పాఠమును కాపాడుటకు మరల మార్పిడి చేయవలసివచ్చినది. ఆ మార్పిడిలో కొంత సమాచారము జాఱినది. పదవిభాగము లేని శాస్త్రగ్రంథమున వెదకుట యెంత కష్టమో సంస్కృతాధ్యాపకులకు తెలియనిది కాదు.

ఇదే కాలమున వేఱొక మార్గము త్రొక్కినవారును కలరు. 1990వ దశకారంభమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున నుండిన తెలుగువారు ఆంగ్లాక్షరములతో తెలుగును నియతముగా వ్రాయు పద్ధతి నొకదానిని కల్పించిరి. ఆర్.టి.ఎస్. అని దానికి వ్యవహారము. సంస్కృతమునకు హార్వర్డ్–క్యోటో, ఐట్రాన్స్ పద్ధతులు ఇట్టివే. చూపునకు అవి అందముగా నుండవు. కాని వానిలో ప్రతి తెలుగు వర్ణమునకు నియతసంకేతము కలదు. ఆ పట్టిక అందఱికిని తెలిసినది. వర్ణముల క్రమము ఉచ్చారణక్రమమే. అందుచే ఆనాడు ఆర్.టి.ఎస్.లో వ్రాసిన ఫైలును నేడు క్షణములో తెలుగు లిపిలోనికి మార్చవచ్చును. ఒకే దశకమున, ఒకే విధమైన యంత్రములపై వ్రాసినవే ఐనను, బొమ్మలు దాచిన ఫైళ్లు మూగవోయినవి. వర్ణములు దాచిన ఫైళ్లు నేటికిని పలుకుచున్నవి.

యూనికోడు – వర్ణమునకు స్థిరస్థానము

వర్ణమునే ప్రమాణముగా గొను పద్ధతి భారతదేశమున ముందే యుండినది. భారతీయ ప్రమాణసంస్థ 1991లో ఇస్కీ అను సంకేతమును ప్రమాణీకరించినది. భారతీయలిపులన్నింటికిని అందు సమానమైన వర్ణక్రమము కలదు. అదే యేడు వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పు ఇస్కీ పూర్వరూపమును ఆధారముగా గొని తెలుగునకు 128 స్థానములు కేటాయించినది. ఐతే సామాన్యుని కంప్యూటరునకు అది చేరుటకు పదియేండ్లు పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి గౌతమి అను ఫాంటుతో తెలుగును చూపగలిగినది.

యూనికోడులో 'క్షేత్రము' అను పదము కకారము, హలంతచిహ్నము, షకారము, ఏత్వము, తకారము, హలంతచిహ్నము, రేఫము, మకారము, ఉకారచిహ్నము అను తొమ్మిది సంకేతములుగా ఉచ్చారణక్రమమున నుండును. వత్తును ఎచట పెట్టవలెను, ఏత్వము దేనిపై చేరవలెను అను నిర్ణయము ఫాంటుది. ఫాంటు మారినచో అందము మారును గాని పాఠము మారదు. హలంతచిహ్నమునకు గుణింతపు గుర్తుల తరువాతి స్థానము లభించుటచే కౌకారముతో మొదలగు పదముల పిమ్మట సంయుక్తాక్షరపదములు వచ్చును. ఇది మన నిఘంటువుల సంప్రదాయమునకు అనుకూలము. తెలుగు కకారపు సంఖ్యకును, దేవనాగరీ కకారపు సంఖ్యకును భేదము 768. తక్కిన సమానవర్ణములకును ఇదే భేదము. కావున తెలుగు లిపిలో వ్రాసిన సంస్కృతగ్రంథమును దేవనాగరికి మార్చుట కేవలము కూడికతీసివేతల పని. రెండు లిపులతోను పనిగల ప్రాచ్యకళాశాలలకు ఇంతకంటె మేలేమున్నది?

ప్రాచీనగ్రంథములకు వలయు చిహ్నములన్నియు మొదటనే చేరలేదు. అరసున్న, శకటరేఫము తొలినుండియు ఉన్నవి. అవగ్రహము (ఽ), దంత్యచకారజకారములు (ౘ, ౙ) 2008లో 5.1వ కూర్పునను, వైదికస్వరచిహ్నముల ప్రత్యేకవిభాగము 2009లో 5.2వ కూర్పునను చేరినవి. తెలుగు లిపిలో తైత్తిరీయశాఖను అచ్చువేయు వేదపాఠశాలల కిది ముఖ్యమైన విషయము. ఆనాటి చిత్తూరు జిల్లా మదనపల్లె ప్రాంతమునందలి చిప్పిలి శాసనము మొదలగు రేనాటి శాసనములను చదువువారికి తెలిసిన ప్రాచీన ఴకారము 2014లో 7.0వ కూర్పున స్థానము పొందినది. నకారపొల్లు 2021లో 14.0వ కూర్పున చేరినది. వలపలగిలకను చూపుటకు యూనికోడ్ ప్రమాణమున నొక విధానము చెప్పబడినది గాని, అన్ని ఫాంట్లును దానిని పాటించుట లేదు. పరిష్కర్త తన గ్రంథమునకు వలయు చిహ్నములన్నియు ఎంచుకొనిన ఫాంటులో కలవో లేవో ముందుగా పరీక్షించుకొనవలెను.

ఫాంట్ల కొఱత నేడు లేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు తొలినాళ్ళలో ఎంతో ఉపకరించినవి. 2011లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము యూనికోడ్ సంఘమున సభ్యత్వము గైకొనినది. కవుల పేర వెలసిన ఉచితఫాంట్లలో పెద్దన, తిమ్మనలతోపాటు శ్రీకాళహస్తీశ్వరుని సేవించిన ధూర్జటి పేరును ఉండుట ఈ ప్రాంతమువారికి సంతోషకరము.

టెక్ – పాఠమును, రూపమును వేఱుచేయు సాధనము

యూనికోడు వలన అక్షరము నిలిచినది. గ్రంథము నిలుచుటకు ఇంకొకటి కావలెను. పాఠమేది, పుటరూపమేది అను వివేచనము ఫైలులో స్పష్టముగా నుండవలెను. ఇందులకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాచార్యుడు డొనాల్డ్ నూత్ రచించిన టెక్ అను సాధనము మిక్కిలి యనుకూలమైనది. దాని పుట్టుకకు కారణము ఆయనకు కలిగిన విసుగే. 1977లో తన గ్రంథము రెండవ సంపుటమునకు కొత్త ముద్రణపు ప్రూఫులు రాగా, క్రొత్తయంత్రము కూర్చిన అక్షరముల వికారము చూచి నూత్ సహింపలేకపోయెను. సీసపు అచ్చు నాటి సొంపును కంప్యూటరుచే సాధింపవలెనని పూని టెక్‌ను రచించి, దానిని ఉచితముగా లోకమునకిచ్చెను.

టెక్ ఫైలున పాఠము సాదా అక్షరములలో నుండును. ఇది అధ్యాయశీర్షిక, ఇది పద్యము, ఇది అధోజ్ఞాపిక అని పరిష్కర్త చిన్న గుర్తులతో సూచించును. పుటలుగా విభజించుట, పంక్తులు సరిచేయుట, జ్ఞాపికలను తగిన పుటక్రింద నిలుపుట యంత్రము పని. ఒక పాదము చేర్చినచో ఫైలును మరల నడిపించిన చాలును. పంక్తిసంఖ్యలు, పుటసంఖ్యలు, సూచికలు అన్నియు క్రొత్తగా గణింపబడును. పరిష్కర్త వ్రాసిన యక్షరమును టెక్ తనంత తాను వేఱొక యక్షరముగా మార్చదు.

ప్రాచ్యవిద్యకు టెక్‌తో సంబంధము క్రొత్తది కాదు. 1991 ప్రాంతమున ఫ్రాన్స్ వెల్ట్‌హౌస్ దేవనాగరిని టెక్‌లో కూర్చు విధానమును కల్పించెను. 1990లో జాన్ లావగ్నినో, సంస్కృతపండితుడైన డొమినిక్ వుజాస్టిక్ కలిసి ఎడ్‌మాక్ అను సాధనమును ప్రకటించిరి. పరిష్కృతగ్రంథములకై ప్రత్యేకముగా నిర్మింపబడినది అది. మూలమునందలి పదమును, దాని పాఠాంతరమును, ప్రతి సంకేతమును ఒకచోట వ్రాసినచో పంక్తిసంఖ్యతో సహా పుటక్రింద వరుసలుగా అమర్చును. దాని వారసత్వముగా వచ్చిన రెలెడ్‌మాక్ నేడు వాడుకలో నున్నది. 2004లో జొనాథన్ క్యూ నిర్మించిన జీటెక్ యూనికోడును, నేటి ఫాంట్లను సూటిగా గ్రహించుటచే తెలుగును, దేవనాగరిని ఒకే ఫైలున కూర్చుట సులభమైనది.

స్థిరత్వము విషయమున నూత్ సంకల్పము గమనింపదగినది. టెక్‌లో క్రొత్తసౌకర్యములు చేర్చుట నిలిపివేసితిననియు, దోషములు మాత్రము దిద్దుదుననియు 1990లో ఆయన ప్రకటించెను. ప్రతి సవరణకును కూర్పుసంఖ్య 'పై' విలువకు ఒక అంకె దగ్గఱగును. 2021లో వెలువడిన సవరణ సంఖ్య 3.141592653. టెక్ దోషమును చూపినవారికి ఆయన 2008 వఱకు బహుమానపు చెక్కు నిచ్చుచుండుట ప్రసిద్ధము. ఏటేట క్రొత్తరూపము దాల్చి పాతఫైళ్లను త్రోసిపుచ్చు సాధనముల నడుమ ఈ నియమము అపూర్వము.

ఆక్షేపములు – సమాధానములు

టెక్ నేర్చుట కష్టమను నాక్షేపము సత్యమే. ఒక గుర్తు మఱచినచో యంత్రము ఆగిపోవును. దాని సందేశము మొదట అర్థము కాదు. మొదటి వారము విసుగు తప్పదు. కాని అష్టాధ్యాయీసూత్రములను, అనువృత్తిని అభ్యసించినవారికి ఇరువది ముప్పది ఆదేశములు నేర్చుట భారము కాదు. పైగా దోషమున్నచోట ఆగిపోవు సాధనము, దోషమును దాచి ముందునకు సాగు సాధనముకంటె పరిష్కర్తకు మేలుచేయును.

ముద్రాపకులు టెక్ నెఱుగరను నాక్షేపమునకు బలము తక్కువ. టెక్ పి.డి.ఎఫ్. ఫైలు నిచ్చును, ఫాంటును అందులోనే ఇముడును. ముద్రాపకుడు దానినే తీసికొని అచ్చువేయగలడు.

నేటి వర్డ్ ప్రాసెసరులును యూనికోడును గ్రహించుచున్నవి గదా, వానినేల విడువవలెను అను ప్రశ్న కలుగవచ్చును. లేఖలకు, చిన్నవ్యాసములకు వానిని విడువనక్కఱలేదు. యూనికోడులో వ్రాసినచో వర్ణము భద్రమే. పరిష్కృతగ్రంథము, పదకోశము, శాసనసంపుటము, సిద్ధాంతవ్యాసము మొదలగు దీర్ఘకాలిక కార్యములకు మాత్రము మూలప్రతిని సాదా యూనికోడ్ ఫైలుగా ఉంచి, టెక్ మొదలగు సాధనములచే పుటరూపము కల్పించుట ఉత్తమము. టెక్ నేర్వనివారు సైతము మొదటి సగమును వెంటనే పాటింపవచ్చును.

పాతఫైళ్ల యుద్ధరణము

మిగిలినది పాతఫైళ్ల సంగతి. 2005 ప్రాంతమున వచ్చిన 'పద్మ' వంటి సాధనములు పలు పాతఫాంటుల పాఠమును యూనికోడునకు మార్చు మార్గమును చూపినవి. మార్పిడికి కావలసినది ఆ ఫాంటు స్థానముల పట్టిక. పాతఫాంటు పనిచేయు యంత్రము, ఆ ఫైలును కూర్చిన డి.టి.పి. నిపుణుడు అందుబాటులో నుండగనే ఈ పని సాగవలెను. ఆ కేంద్రములలో పెక్కు మూతబడుచున్నవి. ఫ్లాపీలలోని అయస్కాంతలేఖనము క్షీణించుచున్నది. ప్రతి కళాశాలయు తన అధ్యాపకుల వద్దనున్న ఫైళ్ల పట్టికను, వానికి వాడిన ఫాంటుల పేర్లను ముందుగా సేకరించుట మొదటి మెట్టు.

మార్పిడి ముగిసిన తరువాత పాఠమును ముద్రితప్రతితో అక్షరమక్షరము సరిపోల్చవలెను. మార్చిన ఫైలును ఒక క్రొత్త మాతృకగానే భావించి, దాని దోషములను పరిష్కర్త దృష్టితోనే వెదకవలెను. వత్తు, ఏత్వము తారుమారగుట, సున్న జాఱుట, అరసున్న లోపించుట తఱచుగా కనబడు దోషములు. ముద్రితప్రతి లేని గ్రంథమైనచో మూలమైన తాళపత్రమునకే మరల పోవలెను. 1939లో తిరుపతిలో ఏర్పడి తరువాత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున చేరిన ప్రాచ్యపరిశోధనసంస్థ వంటి భాండారముల విలువ అట్టిచోట మఱింత స్పష్టమగును.

ఉపసంహారము

తాళ్లపాకవారి రేకులు నిలిచినది రాగి గట్టితనమువలన మాత్రమే కాదు. వానిపై నున్నది అందఱికిని తెలిసిన అక్షరము. చదువుటకు చెక్కినవాని అనుమతిగాని, అతని పనిముట్టుగాని అక్కఱలేదు. కంప్యూటరున దాచు గ్రంథమునకును ఈ రెండు లక్షణములే కావలెను. అక్షరము లోకప్రసిద్ధమైన ప్రమాణమున నుండవలెను; పాఠము ఏ యొక్క సాఫ్ట్‌వేరునకును బందీ కారాదు. వేగమును, అందమును చూచి సాధనము నెన్నుకొనుట వ్యాపారపు ముద్రణకు చెల్లును. ఒక గ్రంథమును పరిష్కరించుటకు పదియేండ్లు వెచ్చించిన పండితుడు, ఆ పాఠమును తన శిష్యుని శిష్యుడు సైతము తెఱచి చదువగలడా యని ముందుగా విచారించుకొనవలెను. అట్లు చదువగల రూపమున దానిని నిలుపుట పరిష్కరణమున అంతర్భాగమే గాని, ముద్రాపకునికి విడిచిపెట్టదగిన పని కాదు.